నీళ్లు మిట్టెక్కిన ఊరు

ముప్పై ఏళ్లకు పైగా నేను పైపులు వేశాను. ప్లాస్టిక్ పైపులు. "ఏం ఉద్యోగం చేశారమ్మా?" అని అడిగినవాళ్లకు ఈ మాట చెబితే వాళ్ల మొహంలో చిన్న నిరాశ కనిపించేది. వంతెనలు కట్టానని చెప్పి ఉంటే ఇంకో రెండు ప్రశ్నలు అడిగేవారు. పైపు అనేసరికి మాట మార్చేసేవారు. వాళ్ల తప్పేమీ లేదు. బాగా వేసిన పైపు ఎవరికీ కనబడదు. దాని మీద మనుషులు నడుస్తారు, గొర్రెలు మేస్తాయి, పిల్లలు ఆడతారు. పాడుగా వేసిన పైపే అందరికీ కనబడుతుంది.

ఈ మధ్య మా వీధిలో ఒకమ్మాయి డిప్లొమా పూర్తి చేసి, నీటి లైన్లు వేసే కంపెనీలో చేరింది. "ఆంటీ, ఈ పనిలో అసలేముంటుంది?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పలేకపోయాను. కూర్చుని రాస్తే ఇంత అయింది. నాకు జీతం ఎప్పుడు పెరిగిందో, ఏ హోదాలో దిగిపోయానో ఇందులో ఉండదు. ఒక ఊరు, ఒక పైపు, నలుగురు మనుషులు ఉంటారు. నాకు ఈ పని నేర్పింది వాళ్లే.

ట్యూబు రెండో కొస

మాది శ్రీకాకుళం. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి విజయనగరంలో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఊళ్లకు తాగునీటి లైన్లు, తోటలకు డ్రిప్పు, ఇళ్లకు ప్లంబింగు, ఏది దొరికితే అది చేసేవాళ్లం. కంపెనీ యజమాని జగన్నాథరావు గారు. ఆయనే మా పెద్ద ఇంజనీరు కూడా.

చేరిన రోజు ఆయన నన్ను కూర్చోమనలేదు. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకపు ట్యూబు ఒకటి నీళ్లతో నింపి, ఒక కొస నా చేతికిచ్చారు. రెండో కొస పట్టుకుని గోడ అవతలికి వెళ్లిపోయారు. అక్కణ్ణుంచి అరిచారు.

"నీ కొసలో నీళ్లు కదులుతున్నాయా?"

"కదులుతున్నాయి సార్. పైకి వస్తున్నాయి."

"నా కొస నేను పైకెత్తాను గనక వస్తున్నాయి. ఇప్పుడు?"

"కిందికి దిగుతున్నాయి సార్."

గోడ ఇవతలికి వచ్చి నా మొహంలోకి చూశారు. "నేను నీకు కనబడలేదు. నువ్వు నాకు కనబడలేదు. కానీ నీ చేతిలో నీళ్లకి, నా చేతిలో నీళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయో తెలుసు. ఇది వింతగా అనిపించిందా లేదా?"

"అనిపించింది సార్."

"అయితే రేపట్నుంచి రా. అనిపించనివాళ్లు ఈ పనికి పనికిరారు."

పాఠం పుస్తకంలో నేను చదివిందే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. కానీ ఆ కొసలో నీటి అంచు, ఎవరో చెబితే విన్నట్టుగా పైకీ కిందికీ జరగడం చూసినప్పుడు నా ఒళ్లు ఝల్లుమంది. ఇన్నేళ్ల తర్వాత కూడా అలాగే అవుతుంది.

జగన్నాథరావు గారి గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. గురువుగా ఆయన గొప్పవారు. యజమానిగా కష్టం. మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయినా ఆయనకు గుర్తుండేది కాదు, మనకు ఆకలేస్తుందని తోచేది కాదు. పని బాగుంటే ఏమీ అనరు. బాగోలేకపోతే పదిమందిలో కడిగేస్తారు. అతుకు ప్రతిదీ తను చూశాకే కందకం పూడ్చాలి. చూడకుండా పూడ్చిన చోట మళ్లీ తవ్వించేవారు. పనివాళ్లు ఆయన్ని తిట్టుకుంటూనే ఆయన దగ్గరే ఉండిపోయేవారు. ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

మిట్ట మీది ఊరు

చీపురుపల్లి దాటి కొండల వైపు వెళ్తే ఒక రాతి మిట్ట మీద చిన్న ఊరుంది. పేరు రాయను, మిట్ట మీది ఊరు అంటాను. చోళ్లు, అంటే రాగులు, నువ్వులు, వేరుశనగ పండించుకునే రైతు కుటుంబాలు. ఊళ్లో బావి చలికాలం దాటితే అడుగంటిపోతుంది. బోరు వేసిన ప్రతిచోటా కింద రాయే తగిలింది. నీళ్లు కావాలంటే మిట్ట దిగి గెడ్డకు వెళ్లాలి. గెడ్డ అంటే కొండల్లోంచి పారే వాగు. నీళ్లు మోసేది ఆడవాళ్లు. అలా మోస్తూ పైడమ్మ అనే ఆవిడ రాళ్ల మీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఎముక వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో బిందె ఎత్తలేక, రెండో చంకన పెట్టుకుని ఎక్కేది.

గెడ్డకు అవతల, ఎదురు కొండ నడుమున ఎండాకాలంలో కూడా ఆరని ఊట ఉంది. మేం లెవెల్ పరికరం పెట్టి కొలిస్తే, ఊరికంటే ఆ ఊట ఓ తాటిచెట్టంత ఎత్తున ఉందని తేలింది. అంటే మోటారు అక్కర్లేదు. ఊట నుంచి నల్ల పైపు కొండ దిగి, గెడ్డ అడుగు దాటి, మళ్లీ మిట్ట ఎక్కి ఊళ్లోకి వస్తే చాలు. నీళ్లు వాటంతటవే వస్తాయి.

ఊరివాళ్లను కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పాం. పైడమ్మ భర్త పాపినాయుడు లేచి నిలబడ్డాడు. ఊళ్లో ఆయన మాటకు విలువ ఉంది.

"నీరు పల్లమెరుగు అన్నారు పెద్దోలు. మీరేటి సెప్తన్నారు బాబూ? ఆ కొండ దిగి, గెడ్డలోకి దిగిపోయి, మల్లీ మా మిట్టెక్కుతాదా? మోటారు నేకండా? మమ్మల్ని పిచ్చోలనుకున్నారేటి?"

జగన్నాథరావు గారు వాదించలేదు. సంచిలోంచి ట్యూబు తీశారు. నీళ్లు నింపి ఒక కొస పాపినాయుడి చేతికి, రెండో కొస అరుగు మీద నిలబడ్డ పైడమ్మకు ఇచ్చారు. ట్యూబు నడుమ భాగం నేలమీద పడి ఉంది.

"ఆవిడ కొండ. మీరు ఊరు. నేలమీదున్నది గెడ్డ. అమ్మా, నీ కొస కొంచెం పైకెత్తు."

పైడమ్మ బాగున్న చేత్తో ఎత్తింది. పాపినాయుడి కొసలోంచి నీళ్లు ఎగదన్ని ఆయన పంచె తడిపేశాయి. ఊరంతా నవ్వింది.

"ఎప్పుడూ ఇదే కొండ బాబూ మా ఇంట్లో" అన్నాడాయన తడి దులుపుకుంటూ.

పైడమ్మ మాత్రం నవ్వలేదు. చేతిలో ట్యూబు వంక చూస్తూ, "నీకు తెలిసింది పల్లవే. నీటికి తెలిసింది ఇంకా శానా ఉన్నాది" అంది.

ఆ మాట తర్వాత ఊరు ఒప్పుకుంది.

ఊట నుంచి గెడ్డకు దిగే సాఫీ దారి మాత్రం మాకు దొరకలేదు. గెడ్డ వారన, కొండ వైపు ఇంకో ఊరుంది. పైపు ఆ ఊరి జీడితోటలోంచి రావాలి. తోట లచ్చుంనాయుడిది. పాపినాయుడి అక్కను చేసుకున్నవాడు, అంటే ఆయనకు స్వయానా బావ. అడగడానికి పాపినాయుడే మాతో వచ్చాడు.

"ఒగ్గెయ్యి బావా, ఆ మాటొద్దు" అన్నాడు లచ్చుంనాయుడు. "నా సెట్ల ఏర్లు నరికి గొయ్యి తవ్వుతారు. రేపు మీ పైపు పగిలితే నా తోట కొట్టుకుపోతాది. మరో తోవ సూసుకోండి."

"మా ఆడోలు నీల్లు మొయ్యలేక సస్తన్నారు బావా."

"మా ఆడోలు మొయ్యలేదేటి? బోరేసుకున్నాం, మోటారెట్టుకున్నాం. మీరూ ఏసుకోండి."

తోట గురించి ఆయన భయం పూర్తిగా కాదనలేం. కానీ మిట్ట మీద బోరు పడదని ఆయనకూ తెలుసు. మేం తోట చుట్టూ తిరిగి, రాతి వాలు మీదుగా లైను వేశాం.

గాలి

ఆ పైపు అతికే పద్ధతి మీరు చూసే ఉంటారు. రెండు పైపుల కొసలూ వేడి పలక మీద ఆనిస్తే మెత్తబడతాయి. పలక తీసేసి కొసకు కొస నొక్కి పట్టుకుంటే, అతుకు చుట్టూ పెదవిలా ఒక అంచు పొంగుతుంది. చల్లారాక అది ఇక రెండు పైపులు కాదు. లాగి చూస్తే పైపు సాగుతుంది గానీ అతుకు ఊడదు. అలా అతికిన పైపును గెడ్డ దాటించడానికి ఊరు ఊరంతా దిగింది. రథం తాడు పట్టినట్టు మగవాళ్లూ ఆడవాళ్లూ వరసలో నిలబడి "హైలెస్సా" అంటూ లాగారు. నల్లటి పైపు నీళ్లలోంచి వంకరలు తిరుగుతూ ఇవతలి గట్టెక్కింది.

నీళ్లు వదిలే రోజున ఊరి మధ్య కొళాయి దిమ్మ ముందు బిందెలు బారులు తీరాయి. పసుపు రాశారు, కొబ్బరికాయ పెట్టుకున్నారు. అవతలి కొండ మీద మా మనిషి వాల్వ్ తిప్పి గుడ్డ ఊపాడు. అందరం కొళాయి వంక చూస్తూ నిలబడ్డాం.

రాలేదు. పొద్దువాలేదాకా రాలేదు. మర్నాడూ రాలేదు. బిందెలు ఒకటొకటిగా ఇళ్లకు వెళ్లిపోయాయి. ఆడవాళ్లు మళ్లీ గెడ్డకు దిగుతుంటే వాళ్ల వంక చూడలేకపోయాను. పాపినాయుడు ఎగతాళి చేస్తాడనుకున్నాను. ఆయన నా దగ్గరకొచ్చి, "మనసు కట్టపెట్టుకోకమ్మా. మాకలవాటే" అన్నాడు. తిట్టి ఉంటే అంత బాధ ఉండేది కాదు.

కబురందుకుని జగన్నాథరావు గారు వచ్చారు. ఎవరినీ ఏమీ అనలేదు. ఊట దగ్గర మొదలుపెట్టి పైపు వెంట నడిచారు. కందకం ఇంకా పూడ్చలేదు. కొన్ని అడుగులకోసారి వంగి, వేలి కణుపులతో పైపు మీద తట్టి చెవి ఆనించేవారు. నేను వెనకే నడిచాను.

రాతి వాలు దగ్గర ఆగారు. అక్కడ బండ అడ్డొస్తే తవ్వేవాళ్లు పైపును బండ మీదుగా ఎత్తి దించారు. మా నక్షాలో లేని చిన్న మూపురం ఒకటి అక్కడ తయారైంది.

"ఇటు తట్టు."

తట్టాను. నిండు కుండ మీద తట్టినట్టు మొద్దు చప్పుడు.

"ఇప్పుడు బండకి అటు తట్టు."

తట్టాను. డొల్ల.

"గాలి" అన్నారాయన. "నీళ్లు వచ్చేటప్పుడు పైపులో ఉన్న గాలంతా పారిపోవాలి కదా? దానికి తోవ లేదు. ఈ మూపురంలో దాక్కుంది. కొండంత నీళ్లు వెనకనుంచి తోస్తున్నా పక్కకి జరగటం లేదు. చూడు, కంటికి కనబడని దానికి ఎంత బలం ఉందో."

మూపురం నెత్తిన చిన్న రంధ్రం వేసి ఎయిర్ వాల్వ్ బిగించాం. బిగించీ బిగించగానే అది ఊదడం మొదలుపెట్టింది. మొదట బుస, తర్వాత సన్నటి ఈల. ఎంతసేపు ఊదిందో చెప్పలేను. ఇంత పైపులో అంత గాలి ఎక్కడుందా అనిపించింది. ఈల బొంగురుపోయి, చివర్లో రెండు నీటి తుంపరలు నా మొహాన పడ్డాయి. వాల్వ్ దానంతటదే మూసుకుంది. నా అరచేతి కింద పైపు చల్లబడుతూ వచ్చింది. నీళ్లు నా చేతికింద నుంచి గెడ్డ వైపు వెళ్తున్నాయి. చప్పుడు లేదు, కదలిక లేదు. చల్లదనం ఒక్కటే.

మేమున్న చోటినుంచి ఊరు కనబడదు. ఇద్దరం అలాగే కూర్చున్నాం. కాసేపటికి మిట్ట మీద్నుంచి కేకలు వినబడ్డాయి. అది ఏడుపో ఆనందమో ముందు తెలియలేదు. జగన్నాథరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఎన్నో లైన్లు వేసిన మనిషి. మొదటి లైను వేసినవాడిలా ఆ కేకలు వింటూ కూర్చున్నారు. పనివాళ్లు తిట్టుకుంటూ కూడా ఆయన్ని ఎందుకు వదల్లేదో నాకు అప్పుడు తెలిసింది.

ఊళ్లో జరిగింది పైడమ్మ తర్వాత చెప్పింది. "ముందు తుమ్మినాదమ్మా కొలాయి. మట్టి ఉమ్మినాది. నాను బయపడిపోయాను. అప్పుడు తెల్లగా వచ్చినాది." పాపినాయుడు తలపాగా విప్పి భుజాన వేసుకుని, గుళ్లో నిలబడ్డట్టు కొళాయి ముందు నిలబడ్డాడట. చెయ్యి పెట్టి నీళ్లు పట్టుకుని, వెనక్కి తిరిగి గెడ్డ అవతల కొండ వంక చూశాడట. మళ్లీ చేతిలో నీళ్ల వంక చూశాడట. తాగడం మర్చిపోయాడట.

నెమ్మదిగా తిప్పండి

కొత్తగా వచ్చేవాళ్లకు ఇక్కడ కొన్ని సంగతులు చెప్పి ముందుకు వెళ్తాను.

పారే నీటికి బరువుంటుంది, పరుగుంటుంది. పరిగెత్తే ఎద్దుకు ఎదురుగా తలుపు మూస్తే ఏమవుతుందో, వాల్వ్ గభాలున మూస్తే అదే అవుతుంది. ఆ సంబరంలో మిట్ట మీది ఊళ్లో ఎవరో ఊరి వాల్వ్‌ను ఒక్క ఊపున మూసేశారు. గెడ్డ అడుగున, బురద వదలడానికి పెట్టిన వాల్వ్ దగ్గర బోల్టులతో బిగించిన జాయింటు ఊడిపోయింది. తాటిచెట్టంత ఎత్తున నీళ్లు లేచాయి. గొర్రెలు చెదిరిపోయాయి. చూస్తున్నవాళ్లందరం నోరు తెరుచుకుని నిలబడిపోయాం. అంత బలం ఆ నల్లపైపులో నోరెత్తకుండా పడుకుని ఉందని ఎవరు అనుకుంటారు? ఆ తర్వాత అక్కడ కాంక్రీటు దిమ్మ పోశాం. వాల్వ్ నెమ్మదిగా తిప్పమని ఊళ్లో ప్రతి ఒక్కరి చేతా తిప్పించి నేర్పాం.

తెల్ల పీవీసీని ఎండలో వదలకండి. పెళుసెక్కిపోతుంది. సొల్యూషన్ రాసి అతికాక, అది గట్టిపడేదాకా కదపకండి. "అయిపోయిందమ్మా, నీళ్లు వదిలెయ్యండి" అని తొందరపెట్టేవాళ్లు మీకు ప్రతి ఊళ్లో దొరుకుతారు. వాళ్ల మాట వినకండి. పల్చటి పైపు అమ్మేవాడికి మొహమాటపడకండి. మనం చేసిన తప్పు మట్టికింద ఉంటుంది, దాన్ని కనిపెట్టేది ఎండాకాలం.

ఇంకో మాట. ప్లాస్టిక్ అంటే నాకున్న ఆశ్చర్యం ఎంత నిజమో, దానిమీద నా బెంగ కూడా అంతే నిజం. మనం కోసి పారేసిన ముక్కలు చేల గట్ల మీద అలాగే పడుంటాయి. పాత డ్రిప్పు ట్యూబులు పొలాల్లో తగలబెడతారు. ఆ పొగ పీల్చినవాళ్లకు దాని సంగతి తెలుసు. తెచ్చిన ముక్క ప్రతిదీ వెనక్కి తీసుకెళ్లడం నేర్చుకోండి.

చుక్క

ఊళ్లో వాడకానికి పోగా మిగిలిన నీళ్లు కొళాయి పక్క తొట్టెలో నిండి వృథాగా పొర్లేవి. తర్వాతి ఏడు ఆ నీళ్లతో పాపినాయుడి మెట్ట చేలో కొంచెం మేర డ్రిప్పు వేశాం. టమాటా నారు నాటాడు. సన్న ట్యూబులు పరిచి నీళ్లు వదిలితే, మొక్క మొదట్లో ఒక చుక్క, ఆగి ఇంకో చుక్క.

పాపినాయుడు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. "ఇది నీరేటమ్మా, సెమటా?"

"చూస్తూ ఉండండి మావా." అప్పటికి ఆయన్ని మావా అని పిలిచేంత చనువొచ్చింది.

"పైరు గొంతు తడవదు, దీనికి."

ఆయనకు నమ్మకం కుదరక, కొన్ని సాళ్లకు అలవాటు ప్రకారం కడవలతో పోశాడు. పైరు కాపుకొచ్చాక డ్రిప్పు సాళ్లే బాగా కాశాయని కంటికి కనబడింది. కాపు అయిపోయాక ఒక మొక్కను జాగ్రత్తగా తవ్వి నాకు చూపించాడు. వేళ్లన్నీ చుక్క పడే చోటికి గుమిగూడి, చిన్న జడలా అల్లుకుపోయి ఉన్నాయి.

"సూడు, దీనికెవలు సెప్పినారు? కల్లు నేవు, సెవులు నేవు. సుక్క ఎక్కడ పడతాదో తెలిసిపోనాది." ఆయన ఆ వేళ్లను అరచేతిలో పట్టుకుని, పురిటిబిడ్డను చూసినట్టు చూశాడు. మట్టి దులపలేదు. మళ్లీ గోతిలో పెట్టి కప్పేశాడు. పంట అయిపోయిన మొక్క, కప్పి ఉపయోగం లేదు. అయినా కప్పాడు.

తుఫాను తర్వాత

తర్వాత కొన్నేళ్లకు ఒక పెద్ద తుఫాను మా రెండు జిల్లాలనూ ఊపేసింది. కరెంటు స్తంభాలు దారి పొడవునా విరిగి పడ్డాయి. కరెంటు లేక ఎక్కడి మోటార్లు అక్కడ ఆగిపోయాయి. జగన్నాథరావు గారు అప్పటికే పని మానేసి ఇంట్లో ఉంటున్నారు. మిట్ట మీది ఊరి లైను ఏమైందో చూడమని ఆయనే చెప్పి పంపారు. పడిపోయిన చెట్లు దాటుకుంటూ, చివర్లో నడుచుకుంటూ వెళ్లాను.

గెడ్డ దగ్గరకు వచ్చి ఆగిపోయాను. గట్లు లేవు. మేం పైపు పూడ్చిన నేల లేదు. కాంక్రీటు దిమ్మ ఎక్కడో కింద బోర్లా పడి ఉంది. అవతలి ఒడ్డు నుంచి ఇవతలి ఒడ్డు దాకా మా నల్లపైపు గాలిలో వేలాడుతోంది. కింద ఎర్రటి వరద. కొట్టుకొచ్చిన కొమ్మలు, గడ్డి దానికి చిక్కుకుని ఉన్నాయి. వరద తోసినప్పుడల్లా పైపు ఉయ్యాలలా వంగుతోంది, మళ్లీ వెనక్కి వస్తోంది. ఇనప పైపు అయితే ఎప్పుడో పుటుక్కుమని ఉండేది. దగ్గరకెళ్లి చెయ్యి వేశాను. చల్లగా ఉంది. లోపల నీళ్లు మిట్ట వైపు వెళ్తున్నాయి.

తర్వాత ఫోను కలిసినప్పుడు జగన్నాథరావు గారికి చెప్పాను.

"తెగలేదా?"

"తెగలేదు సార్. వేలాడుతోంది. నీళ్లు పోతున్నాయి."

"మనం చేసింది కొంచెమేనమ్మా" అన్నారు.

ఇక ఆ రోజు ఊళ్లో చూసింది చెప్పాలి. కొళాయి దగ్గర జనం. సగం మంది గెడ్డ వార ఊరివాళ్లు. వాళ్ల బోరుకు కరెంటు లేదు, గెడ్డ నీళ్లు చూస్తే బురద. దూరంగా ఉన్న పాత వంతెన మీదుగా చుట్టూ తిరిగి, బిందెలు పట్టుకుని వచ్చారు. వాళ్లలో లచ్చుంనాయుడు కూడా ఉన్నాడు. భుజం మీద ఖాళీ బిందె. వరసలో నిలబడలేదు, కొంచెం ఎడంగా నిలబడ్డాడు.

మిట్ట మీది ఊరి మగవాళ్లు కొందరు కొళాయికి అడ్డంగా నిలబడ్డారు. పాపినాయుడు వాళ్ల ముందున్నాడు.

"ఆయాల తోటలోంచి తోవిమ్మంటే ఏటన్నావు బావా? మోటారెట్టుకోమన్నావు. ఏదీ నీ మోటారు?"

లచ్చుంనాయుడు తల దించుకున్నాడు. "నువ్వన్న మాట నిజవే. నాకొద్దు. ఈ ఆడోలకి పొయ్యండి. నాను ఎల్లిపోతాను." బిందె కింద పెట్టి తిరిగాడు.

పైడమ్మ జనంలోంచి వచ్చింది. ఆ వంకర చేత్తోనే బిందె అందుకుని కొళాయి కింద పెట్టింది. "అడ్డం లెగండి" అంది మగవాళ్లతో. మగవాళ్లు పక్కకి జరిగారు. నిండాక, "ఎత్తుకో అన్నియ్యా. మా వొదిన దాహంతో ఉంటాది" అంది.

పాపినాయుడు వంగి, బిందె తనే ఎత్తి బావ భుజం మీద పెట్టాడు. "జాగర్త, తోవ జారతన్నాది" అన్నాడు.

కరెంటు వచ్చేదాకా గెడ్డ వార ఊరు ఆ నీళ్లే తాగింది.

వాల్వ్ తాళం

వరద తగ్గాక లైను మళ్లీ పూడ్చడానికి వెళ్లినప్పుడు లచ్చుంనాయుడు నా కోసం కాచుకుని ఉన్నాడు. ఆయన జీడితోట సగం పైగా వేళ్లతో లేచిపోయింది.

"ఇంజనీరమ్మా, ఇప్పుడు తోటలోంచి ఏసుకోండి. ఎక్కడ తవ్వుతారో తవ్వండి. మా ఊరికి కూడా ఓ కొమ్మ ఇస్తారేటి?"

మిట్ట మీది ఊరు ఒప్పుకుంది. ఊటలో నీళ్లు రెండు ఊళ్లకూ సరిపోతాయి. తోటలోంచి కొత్త లైను వేసి, గెడ్డకు ముందే మూడు నోళ్ల టీ జాయింటు ఒకటి పెట్టి గెడ్డ వార ఊరికి పైపు ఇచ్చాం. అయితే అక్కడొక చిక్కు ఉంది. అది చెప్పడానికి రెండు ఊళ్లవాళ్లనూ తోటలోనే కూర్చోబెట్టాను.

"గెడ్డ వార ఊరు కింద ఉంది. కింది ఊరి వాల్వ్ పూర్తిగా తెరిస్తే నీళ్లన్నీ అటే పోతాయి. మిట్ట మీదికి ఒక్క బొట్టు ఎక్కదు. ఈ వాల్వ్ ఎప్పుడూ కొంచెమే తెరిచి ఉండాలి. మేం లెక్క చూసి పెట్టి, పెట్టెకు తాళం వేస్తాం. కానీ తాళం చెవి ఎవరో ఒకరి దగ్గర ఉండాలి కదా, ఎవరి దగ్గర ఉంచుతారు?"

లచ్చుంనాయుడు తాళం చెవి నా చేతిలోంచి తీసుకుని పైడమ్మ ముందు పెట్టాడు.

"నీ దగ్గరుంచు పైడమ్మా. మమ్మల్ని నమ్మొద్దు. ఎండాకాలం వస్తాది, మా ఊరోలు బిందెలట్టుకుని నా గుమ్మం కాడ కూకుంటారు, నాను తిప్పేస్తాను. నా సంగతి నాకు తెల్దేటి?"

అంత నిజాయితీగా ఒక మనిషి తన గురించి తను చెప్పుకోవడం నేనెప్పుడూ వినలేదు. పాపినాయుడు తాళం చెవి కోసం చెయ్యి చాచబోయాడు. పైడమ్మ ఆయన చెయ్యి ఆపింది. దాన్ని తీసి లచ్చుంనాయుడి అరచేతిలోనే పెట్టి వేళ్లు మూసింది.

"మీ ఊల్లో వాలువు తాలం మా ఊల్లో ఎందుకన్నియ్యా? నీ కాడే ఉండనీ. మాకు నీల్లు రాకపోతే నానే వచ్చి అడుగుతాను."

ఇంజనీరుగా నాకు అది నచ్చలేదు. అక్కడే చెప్పాను కూడా. కింద ఉన్నవాడి చేతిలో పైవాడి నీళ్లు పెట్టకూడదన్నది మా వృత్తిలో మొదటి జాగ్రత్త. పైడమ్మ నా మాట విని, నవ్వి ఊరుకుంది.

నేను పని మానేశాక కూడా రెండుసార్లు అటు వెళ్లాను. పాపినాయుడు లేడు. లచ్చుంనాయుడు పోయాక తాళం ఆయన కోడలి దగ్గరకు వచ్చింది. ఎండలు మండిపోయిన ఏళ్లున్నాయి, ఊట సన్నబడిన ఏళ్లున్నాయి. కింది ఊళ్లో వరసలు కట్టి బిందెలు పట్టుకున్నారు గానీ ఆ వాల్వ్‌ను ఎవరూ ముట్టుకోలేదు.

ఆఖరిసారి వెళ్లినప్పుడు పైడమ్మను అడిగాను. "ఎప్పుడైనా దిగి వెళ్లి అడగాల్సొచ్చిందా?"

ఆవిడ కొళాయి కింద చేతులు కడుక్కుంటోంది.

"ఎందుకెల్తానమ్మా? వస్తన్నాది కదా."